కుక్కకు బెంగ గలదా?

చంటిబిడ్డ తల్లిని విడిచి నాలుగు దినములు అమ్మమ్మగారి యింట నుండి, అన్నము ముట్టక, ఆటలకు పోక, వాకిట గూర్చుండి త్రోవ చూచుచుండినయెడల, "పాపము, బెంగపెట్టుకొన్నది" అని మనమందుము. ఆ యొక్క మాటతో ఇంటిలోని వారందఱి మనస్సులును మెత్తబడును. ఒకరు ఎత్తుకొందురు, ఒకరు చందమామను జూపుదురు, మఱియొకరు తల్లికి కబురంపుదురు. తల్లియావును అమ్మివేసిన మఱునాడు దూడ అఱచి అఱచి గడ్డి మానినచో దానిని గూర్చియు ఆ మాటయే వాడుదుము. కాని యేడెనిమిది సంవత్సరములు మన గుమ్మము గాచిన కుక్క యొకనాడు పెట్టిన అన్నమును వాసన చూచి విడిచి, పిలిచినను లేవక, గోడవైపు మొగము త్రిప్పుకొని పండుకొనినయెడల మనమేమందుము? "దీనికి పొగరెక్కినది" అందుము, "సోమరిదైనది" అందుము, ఓపిక తక్కువవారమైనచో కాలితో నొకటి తన్ని లేపుదుము. ఇంత చక్కని మాట మన భాషలో సిద్ధముగా నుండగా దానిని కుక్కకు మాత్రము ఇచ్చుటకు మనకు మనసొప్పదు. ఇయ్యవలెననియు, ఇచ్చిన పిమ్మట దానికి తగినట్లు నడుచుకొనవలెననియు చెప్పుటయే నా యుద్దేశము.

పాఠశాలా సంచికలో కుక్కల దిగులును గూర్చి వ్రాయుటేమి, మనుష్యుల దిగులు తీఱినదా యని కొందఱు తల్లిదండ్రులు నవ్వవచ్చును. ఆ నవ్వును నేను తప్పుపట్టను. అయితే ధనవంతుని వాకిట పడియున్న లాజరును గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానమున ఆ దరిద్రుని యొద్దకు వచ్చినవి కుక్కలేగాని ఇంటివారు కారు. మన దేశపు కథలో ధర్మరాజు తన వెంట నడచిన కుక్కను విడిచి స్వర్గమునకు పోనొల్లడు. పెద్దలు ఈ జంతువును తమ కథలలోనికి రానిచ్చినప్పుడు మన సంచికలోనికి రానిచ్చుట దోషము గాదు. పైగా మన విద్యార్థులలో ననేకుల యిండ్లలో కుక్క యున్నది. దానిని కొనితెచ్చినవారు పెద్దలు. దానితో ఆడుకొనువారు పిల్లలు. పిల్లలు చదువులకై వెడలిన పిమ్మట దానిని చూచువారు ఎవరును లేరు. ప్రతి జూన్ మాసమునను మన వసతిగృహమునకు పెట్టెలతో వచ్చు బాలబాలికలు తల్లిని తలచుకొని రాత్రులయందు ఏడ్చుట మేమెఱుగుదుము. వారిని దగ్గఱకు దీసి మాటలాడుదుము, వారికై ప్రార్థింతుము. ఆ రాత్రియే వారి యింటి గుమ్మమునొద్ద మిగిలిపోయిన మూగప్రాణి సంగతి మనలో నెవరి తలపునకును రాదు.

జంతువులకు సంతోషదుఃఖములు గలవా యను ప్రశ్న పాతది. చార్లెస్ డార్విన్ 1872వ సంవత్సరమున మనుష్యులయందును జంతువులయందును మనోభావములు బయలుపడు విధమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించి, అందు కుక్క చెవులు, తోక, ఒడలి వంపు ఏ భావమునకు ఎట్లు మాఱునో వర్ణించెను. అటుపిమ్మట చాలకాలము శాస్త్రజ్ఞులలో ననేకులు ఈ విషయమున నోరు విప్పుటకు సంకోచించిరి. కుక్క తన మనస్సును మాటలతో చెప్పలేదు గదా, చెప్పని దానిని ఎట్లు నమ్ముట యని వారి వాదము. ఆ జాగ్రత్త మంచిదే. మనుష్యులయందు వైద్యులు గుఱుతించు మనోవ్యాకులత యను రోగము కుక్కయందును ఉన్నదున్నట్లుగా నున్నదని ప్రమాణము చేయుట కష్టము. కాని దాని నడత మాఱుటను కన్నులున్న ప్రతివాడును చూడవచ్చును. ఇటలీ దేశమున, రెండుగాని అంతకెక్కువగాని కుక్కలను పెంచి వానిలో నొకదానిని పోగొట్టుకొనిన 426 మందిని ప్రశ్నించి, 2022వ సంవత్సరమున ఒక పరిశీలనను ప్రకటించిరి. వారిలో నూటికి 86 మంది, మిగిలిన కుక్క నడత మాఱినదని చెప్పిరి. ఆట తగ్గినది, తిండి తగ్గినది; నిద్ర హెచ్చినది, భయము హెచ్చినది; మనుష్యుని వదలక వెంట దిరుగుట అన్నిటికంటె హెచ్చినది. ఆ రెండు కుక్కలును ఎన్ని సంవత్సరములు కలిసియుండెనను దానికంటె ఎంత చెలిమితో నుండెనను దానిబట్టియే ఈ మార్పు కలిగెనట. ఇది యజమానులు చెప్పిన మాట గావున, వారి దుఃఖమే వారికి కుక్కయందు కనబడెనేమో యను శంక లేకపోలేదు. నేనా శంకను త్రోసివేయను. అయినను ఒక యింటిలో ఒక మరణమునకు ఇద్దఱు దుఃఖించుటలో అసంభవమేమున్నది?

ఇక నా స్వంత అపరాధమును చెప్పుకొందును. మా యింట మోతి యను ఊరకుక్క గలదు. గోధుమవన్నెది, జాతి యని చెప్పుకొనదగినది కాదు. మా పెద్దమ్మాయి దానిని చిన్నపిల్లగా తెచ్చి ఆఱు సంవత్సరములు పెంచినది. పాఠశాలనుండి వచ్చి పుస్తకములు బల్లపై బెట్టునంతలో అది గొలుసును నోట గఱచుకొని నిలుచుండెడిది. ఇద్దఱును కాలువగట్టు మీదుగా వంతెన వఱకు పోయి చీకటి పడకమునుపు వచ్చెడివారు. అమ్మాయి కళాశాల చదువునకై దూరపు పట్టణమునకు పోయినది. మొదటి వారము మోతి సాయంకాలములందు గేటు వద్దనే కూర్చుండెను. రెండవ వారమున ఉదయపు అన్నము మానెను. ముందఱి కాలిని నాకి నాకి వెండ్రుకలు ఊడునట్లు చేసికొనెను. మూడవ వారమున అమ్మాయి గదిలో దూరి మూత్రము విడిచి, పాత తలగడను చించివేసెను. పాఠశాలలో బెత్తమును విడిచి యెన్నియో సంవత్సరములైన నేను ఆనాడు బెత్తమునెత్తి దానిని రెండు దెబ్బలు కొట్టితిని. అది పాఱిపోలేదు, మొఱుగలేదు. తల వంచి పడుకొనెను. లోపలనుండి మా అమ్మగారు వచ్చి, "దానికి పొగరు కాదురా అబ్బాయీ, బెంగ. కొట్టకు" అనిరి. ఆమె యక్షరజ్ఞానము లేని మనిషి. నేను శిక్షణ పొందిన ఉపాధ్యాయుడను.

మఱునాడు మోతిని పశువైద్యశాలకు గొనిపోతిని. వైద్యుడు దాని వేడిని చూచి, చిగుళ్లు తెఱచి చూచి, చెవులలో పిడుదులను వెదకి, రక్తమును పరీక్షింపించి, రోగమేమియు లేదనెను. పిమ్మట నన్నడిగినది ఒకటే ప్రశ్న: "మాస్టారూ, మీ అమ్మాయి ఉన్నప్పుడు దీన్ని సాయంత్రం ఎవరు త్రిప్పేవారు?" అమ్మాయియే యంటిని. "మరి ఇప్పుడో?" నా నోట మాట రాలేదు. అమ్మాయి పోయిన నాటినుండి ఆ కుక్క ఇంటి గేటు దాటి యెఱుగదు. ఆయన మందు వ్రాయలేదు.

ఈ ప్రశ్నయందే నేను చెప్పదలచిన దంతయు ఇమిడియున్నది. ఇంటిలోని యొక మనిషి పోయినప్పుడు కుక్కకు పోవునది ఆ మనిషి యొక్కతె మాత్రమే కాదు. ఆమె చేతి అన్నము పోవును, ఆమెతోడి నడక పోవును, కాలువగట్టు మీది వాసనలు పోవును, దినమునకు ఒక రూపము నిచ్చెడి గంటలు పోవును. మనుష్యుడైనచో ఉత్తరము వ్రాసికొనును, సెలవులకు దినములు లెక్కపెట్టును. కుక్కకు సెలవులు తెలియవు. పోయిన మనిషిని మనము తెచ్చియియ్యలేము, నిజమే. కాని ఆ మనిషితో పోయినవానిలో అధికభాగమును తెచ్చియియ్యవచ్చును. ఇది చేయక, బెంగను ప్రేమకు గుఱుతుగా పొగడి యూరకుండుట నాకు సమ్మతము గాదు.

పొగడి యూరకుండుటకు జపానుదేశపు హచికో కథకంటె గొప్ప నిదర్శనము లేదు. చదువరులలో పలువురు దీనిని చలనచిత్రముగ చూచియుందురు. హచికో 1923వ సంవత్సరమున పుట్టినది. దాని యజమానుడు టోక్యో విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రము బోధించిన ఉయెనో అను ఆచార్యుడు. ఆయన 1925 మే మాసమున పనిచేయుచున్న చోటనే హఠాత్తుగా మరణించెను. కుక్క మాత్రము షిబుయా రైలుస్టేషనునకు వచ్చి ఆయనకొఱకు చూచుటను 1935 మార్చి 8వ తేదీన తాను చచ్చు వఱకు మానలేదు. 1934లోనే, అది బ్రతికియుండగనే, దానికి కంచు విగ్రహము నిలిపిరి. ఆ విగ్రహమును యుద్ధకాలమున కరగించివేసిరి. 1948లో క్రొత్త విగ్రహము నిలిపిరి. దాని శరీరపు అవయవములను కొన్నిటిని భద్రపఱచియుండుటచే, పెక్కేండ్లకు తరువాత శాస్త్రజ్ఞులు వానిని మరల పరీక్షించి, 2011లో ఫలితమును తెలిపిరి: దాని ఊపిరితిత్తులలోను గుండెలోను క్యాన్సరు పుండ్లుండెను, గుండెలో క్రిములును ఉండెను. అందఱును దాని విశ్వాసమును జూచిరి. దాని రోగమును జూచినవారెందఱు? పత్రికలో దాని కథ పడకమునుపు స్టేషనులో దానిని తఱిమినవారును గలరు. పడిన పిమ్మట నిమిరినవారును గలరు. మనుష్యులమైన మనకు దుఃఖించు కుక్కకంటె దుఃఖించు కుక్కను గూర్చిన కథ ఎక్కువ ఇష్టమని నాకు తోచుచున్నది.

కావున మొదట చూడవలసినది శరీరమును. మా శిక్షణ కళాశాలలో నేర్పిన తొలి పాఠములలో ఇది యొకటి: బాలుడు మందబుద్ధి యని ముద్ర వేయకమునుపు వానికి చెవులు వినబడుచున్నవా, ఉదయమున ఏమైన తిని వచ్చినాడా, ఇంట నెవరైన మరణించినారా యని కనుగొనవలెను. కుక్క విషయమునను ఇంతే. మన ప్రాంతములలో పిడుదుల వలన వచ్చు జ్వరము మిక్కిలి సాధారణము. అది తగిలిన కుక్క తిండి మాని, చిక్కిపోయి, చిగుళ్లు పాలిపోయి, అచ్చముగ దిగులుపడినట్లే పండుకొనును. ముసలి కుక్కకు కీళ్లనొప్పి యుండవచ్చును. నమలినపుడు పన్ను బాధింపవచ్చును. గొంతులోని థైరాయిడ్ గ్రంథి మందగించినచో కుక్కయంతయు మందగించును. ముక్కు తడిగా నున్నది గదా, జ్వరము లేదను లోకుల మాట నమ్మదగినది కాదు. కుక్కకు సహజమైన వేడి 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వఱకు నుండును గావున చేయి పెట్టి చూచి జ్వరమున్నదనుటయు చెల్లదు. రెండు దినములు వరుసగా తినని కుక్కను బెంగయని యింట నుంచుకొనక వైద్యునికి చూపవలెను.

విద్యార్థులు మిక్కిలి శ్రద్ధతో చదువవలసిన దొకటి గలదు. నడత హఠాత్తుగా మాఱి, చీకటిమూలలు వెదకి దాగి, దవడ వ్రేలాడి, చొంగ కార్చుచు, గొంతు మాఱి, మ్రింగలేక యున్న కుక్కకు ఉన్నది దిగులు కాక రేబిస్ కావచ్చును. అట్టిదానిని ఓదార్చుటకు దగ్గఱకు పోరాదు. అది మీ యింటిదైనను పోరాదు. పెద్దలకు చెప్పుడు. కఱచినను, గీఱినను, పుండుపై నాకినను ఆ చోటును ప్రవహించు నీటిక్రింద సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. పసుపు, సున్నము, మంత్రము పనికిరావు. ఈ రోగలక్షణములు పైకి వచ్చినపిమ్మట మనుష్యుడు బ్రతుకుట మిక్కిలి అరుదు. టీకా మాత్రము సకాలమున వేయించుకొనినవానిని కాపాడును. కుక్కకును ఏటేట టీకా వేయింపవలెను. జాలి ఎంత మంచిదైనను జాగ్రత్త ముందుండవలెను.

రోగము లేదని తెలిసిన పిమ్మట బెంగను ఎట్లు గుఱుతింపవలెను? ఒక్కొక్క లక్షణమును చూచి తీర్పు చెప్పరాదు. కుక్కలు సహజముగనే దినములో సగము నిద్రించును; కొన్ని స్వభావముచేతనే మందకొడివి. చూడవలసినది మార్పును. నిన్నటివఱకు సైకిలు గంట వినగానే లేచు కుక్క నేడు చెవి కదపలేదా? బంతిని చూచి మొగము త్రిప్పుకొన్నదా? మంచముక్రింద దూరి పిలిచినను రాకయున్నదా? ఒకే పాదమును పుండగువఱకు నాకుచున్నదా? ఇంటిలోనివారు బయలుదేరు సన్నాహము చూచి వణకి, వారు పోగానే తలుపును గోళ్లతో చీరి యేడ్చుచున్నదా? ఇట్టి వానిలో రెండు మూడు కలిసి వారము దినములు నిలిచినయెడల, ఇటీవల ఆ యింట ఏమి మాఱినదని అడుగుడు. తఱచుగా సమాధానము దొరకును. ఎవరో పోయినారు, లేక క్రొత్తగా శిశువు వచ్చినది, ఇల్లు మాఱినారు, తోడికుక్క చచ్చినది, యజమానుని పనివేళ మాఱినది. దీపావళి టపాకాయల పిమ్మట వారముల తరబడి బెదరి, తేఱుకొనని కుక్కలను నేనెఱుగుదును.

బెంగకు మందు దుబారా కాదు. కాని కాలమును కోరును. అన్నము ప్రతిదినము ఒకే వేళకు, ఒకే చోట, ఒకే చేతితో పెట్టుట మొదటిది. నడక రెండవది, ఉదయమొకసారి, సాయంకాల మొకసారి. ఎండకాలమున తారురోడ్డు అరికాళ్లను కాల్చును గావున ప్రొద్దు పొడుచుటకు ముందును, నేల చల్లబడిన పిమ్మటను త్రిప్పవలెను. నడకలో మనకు తొందర పనికిరాదు. మన కొఱకు మనము నడచునప్పుడు దూరము లెక్క. కుక్కకు వాసన లెక్క. అది యొక స్తంభమునొద్ద ఆగి వాసన చూచుట మనము వార్తాపత్రిక చదువుకొనుట వంటిది. గొలుసు పట్టి లాగక చదువుకొననిండు. ఇంట నున్నపుడు రొట్టె ముక్కలను పాతగుడ్డ మడతలలో దాచి వెదకించినచో దాని బుద్ధికి పని దొరకును. ఐదు నిమిషములు ఒక చిన్న విద్య నేర్పుడు, చేయి యిచ్చుట, కూర్చుండుట, చేసినపుడు మెచ్చుకొనుడు. ముసలికుక్కయు నేర్చును.

ఏడ్చు కుక్కను నిమిరినచో ఏడ్పు అలవాటగునని కొందఱు పెంపకపు పండితులు చెప్పుదురు. నేనొప్పుకొనను. దుఃఖము లంచమునకై చేయు పని కాదు. మెల్లగా వీపు నిమిరి కూర్చుండుటచే అది పెరుగదు. పెద్ద గొంతుతో జాలిపలుకులు పలుకుచు, ఇంటిల్లిపాదియు చుట్టుముట్టి, నోటిలో మిఠాయిలు క్రుక్కుట మాత్రము పనికిరాదు. చచ్చిన కుక్క స్థానమున వెంటనే క్రొత్తపిల్లను తెచ్చుటయు తొందరపాటే. దిగులులో నున్న ప్రాణికి అల్లరిపిల్ల యొక భారము. మనుష్యులు వాడు మాత్రలను కుక్క నోట వేయుట మహాదోషము. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వంటివి దానికి విషము కాగలవు. చాకొలేటు, ద్రాక్ష, ఉల్లి కూడ హానికరములే. కఠినమైన బెంగకు మందులు లేకపోలేదు. ఒంటరిగ విడిచినపుడు కలవరపడు కుక్కలకొఱకు ఫ్లూక్సెటిన్ అను ఔషధమును అమెరికా ప్రభుత్వము 2007లో అంగీకరించినది. అదియు నడతను సరిదిద్దు శిక్షణతో కలిపి యీయవలెనను నియమముతోనే. అది పశువైద్యుని నిర్ణయము, మనది కాదు.

మోతిని కొట్టినపుడు అది పాఱిపోక పడుకొనెనని చెప్పితిని గదా. ఆనాటి రాత్రి కళాశాలలో చదివిన యొక పాఠము నాకు జ్ఞప్తికి వచ్చినది. 1967వ సంవత్సరమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున సెలిగ్మన్, మేయర్ అను ఇద్దఱు కొన్ని కుక్కలను కట్టి, తప్పించుకొనుటకు వీలులేని విద్యుద్ఘాతములను ఇచ్చిరి. క్రూరమైన ప్రయోగము, నేను దానిని మెచ్చుకొనను. తరువాత అడ్డముగ నొక పొట్టిగోడ గల పెట్టెలో వానిని విడిచినపుడు, గోడ దాటినచో బాధ తప్పునని యున్నను, వానిలో అధికభాగము దాటక పడుకొని మూలిగినవి. తలతో పలకను నొక్కి ఘాతమును ఆపగలిగిన మఱికొన్ని కుక్కలు మాత్రము సులభముగ దాటినవి. పడియున్న కుక్కలను తాడు పట్టి మరల మరల ఆవలికి లాగిన పిమ్మటనే, కొంతకాలమునకు, అవి తమంతట దాటుట నేర్చినవి. పరీక్షలలో మాటిమాటికి తప్పి ప్రయత్నమే విడిచిన విద్యార్థులను గూర్చి చెప్పుటకై మాకీ పాఠము బోధించిరి. ఆ యిద్దఱు పండితులే 2016లో తమ సిద్ధాంతమును తామే సరిదిద్దుకొనిరి. దీర్ఘబాధలో ప్రాణి చతికిలబడుట నేర్చుకొనినది కాదట, సహజమట. నేర్చుకొనవలసినది, నా చేష్టకు ఫలమున్నదను నమ్మకమట. ఒక్కొక్కప్పుడు గొలుసున కట్టబడి, మొదటి నెలలలో పగలెల్ల అఱచి, ఎవరును రాకపోగా క్రమముగ మౌనము వహించిన కుక్కను చూచి, "ఎంత అణకువగలదో!" అని యజమానుడు మెచ్చుకొనుట వినుచుందుము. అది అణకువ కాదని నా యభిప్రాయము.

గొలుసును గూర్చి యొకమాట. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టమున, ఎల్లప్పుడును కట్టివేయబడియుండు కుక్కను తగినంత త్రిప్పక ఉపేక్షించుట నేరముగ వ్రాయబడియున్నది. మిక్కిలి పొట్టిదియు మిక్కిలి బరువైనదియు నగు గొలుసున బహుకాలము కట్టుటయు నేరమే. మొదటి తప్పునకు ఆ చట్టము విధించిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయల వఱకు. ఇంత స్వల్పధనమునకు ఎవరు భయపడుదురు? చట్టమును నమ్ముకొని కుక్కలు సుఖపడునను భ్రాంతి నాకు లేదు. మంచుదేశపు దట్టమైన బొచ్చుకుక్కను గొప్పకొఱకు కొని రోహిణికార్తె ఎండలో మేడమెట్లక్రింద కట్టువారిని చూచినపుడు, కొనకయుండుటయే వారు చేయగలిగిన ఉపకారమని తోచును.

మోతి సంగతి ముగింతును. పశువైద్యశాలనుండి వచ్చిన సాయంకాలముననే 5 గంటలకు గొలుసు దీసికొంటిని. మొదటి దినము వంతెన వఱకు రాలేదు. సగము దూరమున కూర్చుండి వెనుకకు చూచెను. అమ్మాయి కట్టి విడిచిన పాత ఓణీని ఉదుకకుండ దాని పడక మీద పఱచితిమి. పదునైదు దినములకు ఉదయపు అన్నము తినెను. కాలి పుండు మానుటకు రెండు మాసములు పట్టినది. క్రిస్మసు సెలవులకు అమ్మాయి వచ్చినపుడు అది చేసిన హడావిడిని వర్ణింపను. ఆ సాయంకాలము 5 గంటలకు గొలుసును నోట గఱచుకొని వచ్చి, ఆమెను నన్నును మార్చి మార్చి చూచి నడుమ నిలుచుండెను. ముగ్గురమును పోతిమి. నా మోకాళ్లనొప్పికి కూడ ఈ నడక మేలుచేసినదని మా యింటివారందురు. అది వేఱు సంగతి.

కావున వసతిగృహమునకు పిల్లలను పంపదలచిన తల్లిదండ్రులకు నా మనవి యిది. జూన్ మాసమునకు ఒక నెల ముందే, కుక్కకు ఇకమీద అన్నము పెట్టువారెవరో, త్రిప్పువారెవరో నిర్ణయించి, పిల్లవాడు ఇంట నుండగనే ఆ పని వారిచేత మొదలుపెట్టింపుడు. మొదట ఇద్దఱును కలిసి నడువనిండు, పిమ్మట ఒకరోజు విడిచి ఒకరోజు, తుదకు క్రొత్తవారే. ఇంట నెవరును లేని వేళలకును మెల్లగా అలవాటు చేయవచ్చును, మొదట ఒక నిమిషము, ఆపై ఐదు, ఆపై అరగంట. విద్యార్థులు కూడ ఇంటికి ఉత్తరము వ్రాయునప్పుడుగాని ఫోనులో మాటలాడునప్పుడుగాని, "కుక్క తిన్నదా?" అని కాక, "కుక్కను త్రిప్పినారా?" అని అడుగవలెను.

మన మిషను పనివారికి కూడ ఒక మనవి గలదు. పాస్టర్లకును ఉపాధ్యాయులకును బదిలీలు తప్పవు. కొన్ని సంవత్సరముల క్రిందట నేను పనిచేసిన వేఱొక యూరిలో ఒక కుటుంబము బదిలీ మీద వెడలినది. లారీలో సామాను ఎక్కినది, కోళ్లు ఎక్కినవి, తులసివంటి పూలకుండలు కూడ ఎక్కినవి. కుక్కకు చోటు చాలలేదు. అది ఖాళీ యింటి మెట్లమీద పదునొకండు దినములు పండుకొనెను. ఇరుగుపొరుగు వారము అన్నము పెట్టితిమి, తినలేదు. పండ్రెండవనాడు ఎటు పోయెనో తెలియదు. వారు చెడ్డవారు కారు, కుక్క ఎక్కడనైన బ్రతుకునని తలచినవారు. ఇల్లు అప్పగించునప్పుడు మనము ఒక పట్టీ వ్రాయుదుము గదా: కుర్చీలు ఇన్ని, మంచములు ఇన్ని, బీరువా ఒకటి, తాళపుచెవులు ఇన్ని. ఆ పట్టీలో ఇకమీదట ఇంకొక వరుస చేర్చి, కుక్క యున్నయెడల దానిని ఎవరు తీసికొనిపోవుదురో లేక ఎవరికి అప్పగించితిరో, అది ఏ వేళకు తినునో, ఏ పేరు పెట్టి పిలిచిన పలుకునో వ్రాసి యియ్యవలెనని కోరుచున్నాను.